శేషాచలం కాలిబాటలు: స్వర్ణముఖి నుంచి చెయ్యేటి దాకా

తూర్పు కనుమల దక్షిణ భాగంలో, స్వర్ణముఖికి ఉత్తరంగానూ చెయ్యేటికి దక్షిణంగానూ మెలికలు తిరుగుతూ సాగే అడవికొండల వరుసకు శేషాచలమని పేరు. సంప్రదాయం ఈ వరుసను శ్రీశైలం దాకా పొడిగించి, తిరుమలను ఆదిశేషుని పడగగానూ, అహోబిలాన్ని నడుముగానూ, శ్రీశైలాన్ని తోకగానూ భావించింది. కొండకు దక్షిణపు వాలున పడిన వాన కల్యాణి వంటి చిన్న ఏళ్ళ ద్వారా స్వర్ణముఖిలో కలిసి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా నేరుగా సముద్రానికి పోతుంది. పడమటి, ఉత్తరపు దిక్కున బాహుదా, పింఛా నదులు కలిసి చెయ్యేరై, రాజంపేట, నందలూరుల పక్కగా ప్రవహించి పెన్నలో చేరతాయి. అన్న తోటలోని పండ్లను అడగకుండా తిన్నందుకు రాజదండనగా చేతులు పోగొట్టుకున్న లిఖితుడనే మునికి ఈ చెయ్యేటిలో స్నానం చేయగానే చేతులు తిరిగి వచ్చాయన్న పురాణకథ వల్ల ఆ నదికి సంస్కృతంలో బాహుదా అనీ తెలుగులో చెయ్యేరనీ పేర్లు కలిగాయి. ఈ రెండు నదుల నడుమ గోడలా నిలిచిన కొండను మనుషులు ఎక్కడెక్కడ, ఏ అవసరం కొద్దీ, ఎవరి ఆదరణతో దాటారన్నదే ఇక్కడి కాలిబాటల చరిత్ర.

బాటలు ఎక్కడ పడ్డాయో తెలియాలంటే ముందు రాయిని చూడాలి. కొండ పాదాన ఉన్నది అతి పురాతనమైన గ్రానైటు. దాని నెత్తిన, ఇసుకరాయి వేడికీ ఒత్తిడికీ గట్టిపడగా ఏర్పడిన క్వార్ట్‌జైట్ అనే ఎర్రరాయి పొరలుపొరలుగా పరుచుకొని ఉంది. కింది రాయికీ పై రాయికీ నడుమ కోట్ల సంవత్సరాల కాలం ఏ ఆనవాలూ మిగల్చకుండా జారిపోయింది. భూవిజ్ఞానులు ఎపార్కియన్ అసంగతి అని పిలిచే ఈ విరామరేఖ తిరుమల ఘాట్ రోడ్డు అంచున కంటికి కనిపిస్తుంది. పై పొర నిటారుగా విరిగి ఎర్రని గోడలా నిలబడటం వల్ల ఈ కొండను ఎక్కడపడితే అక్కడ ఎక్కడం కుదరదు. వాగు ఆ గోడను కోసిన చోటనో, కొండ మూపు ఏటవాలుగా కిందికి దిగిన చోటనో మాత్రమే కాలికి దారి దొరుకుతుంది. కొండల నడుమ దాటడానికి వీలైన సందును కనుమ అనీ, నీరూ చెట్టూ ఉన్న లోయను కోన అనీ, రాతి పగుళ్ళలో ఇంకిన వాననీరు ఊటగా పైకి వచ్చే చోటును తీర్థమనీ ఈ ప్రాంతపు జనం అంటారు. బాటసారి కొండను ఎక్కడ ఎక్కాలో కనుమ నిర్ణయించింది, ఎక్కడ ఆగి దప్పిక తీర్చుకోవాలో తీర్థం నిర్ణయించింది. గుళ్ళూ మండపాలూ చాలావరకు ఆ తరువాత వచ్చి ఆ రెండింటినీ అనుసరించాయి.

ఈ కొండకు సరిహద్దు అన్న గుర్తింపు చాలా పాతది. ప్రాచీన తమిళ వ్యాకరణమైన తొల్కాప్పియానికి ఉన్న పీఠికాపద్యం తమిళదేశపు ఉత్తరపు హద్దుగా వేంగడాన్ని, దక్షిణపు హద్దుగా కుమరిని పేర్కొన్నది. వేంగడమంటే నేటి తిరుమల కొండ. ప్రాచీన తమిళ సంగకాలపు కవులలో మామూలనార్ వంటివారు, పుల్లి అనే నాయకుడు ఏలే వేంగడాన్ని దాటి, వేరే భాష మాట్లాడే దేశానికి సంపాదనకోసం వెళ్ళిన మగవారిని గురించీ, ఇంటి దగ్గర వారికోసం ఎదురుచూసే ఆడవారిని గురించీ పాటలు కట్టారు. ఆ పాటల్లో ఏనుగులు తిరిగే అడవి, ఎండిన కొండదారి, ఆవల నివసించే వడుగులు, అంటే తెలుగువారు, కనిపిస్తారు. ఈ కొండదారుల గురించి మనకు దొరికే తొలి సాహిత్యసాక్ష్యాల్లో నడిచేవాడు యాత్రికుడు కాడు, బతుకుతెరువు కోసం హద్దు దాటే మనిషి. ఈ విషయం మీద పడవలసినంత దృష్టి పడలేదు. మరోవైపు నుంచి వచ్చే తెలుగువారికి ఇదే కొండ గమ్యం. దానికి వాకిలి కడప. ఉత్తరం నుంచి వచ్చే యాత్రికులు ముందు దేవుని కడపలో దర్శనం చేసుకొని బయలుదేరే ఆచారం వల్లనే ఆ ఊరికి గడప అన్న అర్థంలో ఆ పేరు వచ్చిందని వాడుక. ఒకరికి పొలిమేర, మరొకరికి గడప తరువాతి గర్భగుడి. రెండు జాతుల పాదాలూ కలిసి ఈ బాటలను అరగదీశాయి. తిరుమల, తిరుపతి గుళ్ళలోని వెయ్యికి పైబడిన శాసనాల్లో అత్యధికం తమిళంలో ఉండగా, విజయనగర కాలపు తెలుగు, కన్నడ శాసనాలు వాటి పక్కన చోటు చేసుకున్నాయి.

నేడు అందరికీ తెలిసినది అలిపిరి దారి. అలిపిరి అన్న పేరు తమిళంలో అడుగుమెట్టు అన్న అర్థమిచ్చే అడిప్పడి నుంచి వచ్చిందని కొందరు, పాదం దగ్గరి చింతచెట్టు అన్న అర్థమిచ్చే అడిప్పుళి నుంచి వచ్చిందని మరికొందరు చెబుతారు. రెండో మాటకు వైష్ణవ సంప్రదాయపు ఆధారం ఉంది: కొండమీద కైంకర్యం చేస్తున్న తిరుమలనంబి ప్రతిరోజూ కిందికి దిగివచ్చి, మేనల్లుడైన రామానుజునికి ఈ కొండపాదాన చింతచెట్టు నీడలో రామాయణ రహస్యాలు చెప్పాడని గురుపరంపరా గ్రంథాలు అంటాయి. తిరుపతి పట్నం పుట్టుకకు కూడా ఈ దారే కారణం. అంతకుముందు జనవాసం స్వర్ణముఖి ఒడ్డున తిరుచానూరు, యోగిమల్లవరాల దగ్గర ఉండేది. పన్నెండో శతాబ్దంలో రామానుజుడు కొండ దిగువన గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించిన తరువాత, ఎక్కబోయేవారూ దిగివచ్చినవారూ ఆగి విశ్రమించే చోట వీధులు ఏర్పడి ఊరు పెరిగింది. ఎగువ తిరుపతి, దిగువ తిరుపతి అన్న పాత వాడుకలో ఆ దారి రెండు కొసలే రెండు ఊళ్ళుగా పలికాయి.

అలిపిరి నుంచి పైదాకా మెట్ల లెక్క 3,550. మొదట్లో తలయేరుగుండు అనే బండ ఉంది. కొండెక్కేవారు దానికి నుదురు తాకించి తలనొప్పి రాకూడదని వేడుకోవడం వల్ల రాతిలో గుంటలు పడ్డాయి. పాదాల మండపంలో యాత్రికులు స్వామి పాదుకలను నెత్తిన పెట్టుకొని గుడి చుట్టూ తిరుగుతారు. వేంకటేశ్వరుడు ప్రతిరాత్రీ ఈ దారినే తిరుచానూరికి దిగి అలమేలుమంగను చూసి వెళతాడనీ, అందుకే ఆయన చెప్పులు అరిగిపోతాయనీ, వాటిని చెప్పులు కుట్టేవారు భక్తితో సమర్పించుకుంటారనీ జనంలో గట్టి నమ్మకం. దేవుణ్ణి కూడా ఈ బాట మీద నడిపించిన ఈ ఊహలో, కొండపైకి పోలేక కింద ఉండిపోయిన వృత్తుల వారి దగ్గరికి దేవుడే దిగివచ్చాడన్న ఊరట దాగి ఉంది. ఆ అలిపిరిలోనే, కొండ వైపు సాష్టాంగపడి ఉన్న మాలదాసరి రాతి ప్రతిమ కనిపిస్తుంది. అంటరానితనం పేరిట గుళ్ళ వాకిళ్ళు మూసిన కాలంలో ఎంతమంది భక్తుల యాత్ర పాదం దగ్గరే ముగిసిందో ఆ ఒక్క రాయి చెప్పినంత స్పష్టంగా మరే శాసనమూ చెప్పదు. మద్రాసు ప్రభుత్వం దేవాలయ ప్రవేశ చట్టం తెచ్చింది 1947లో.

పాదాల మండపం దాటాక మెట్లు నిట్టనిలువుగా లేచి గాలిగోపురం దగ్గర మొదటి కొండ నెత్తికి చేరతాయి. కింది మైదానంలో ఎంతో దూరానికి కనిపించే ఈ గోపురాన్నీ, ఈ దారి మెట్లనూ పదిహేడో శతాబ్దంలో సిద్ధవటాన్ని ఏలిన మట్లి అనంతరాజు పేరుతో ముడిపెడతారు. అక్కడి నుంచి దారి అడవిలో దాదాపు చదునుగా సాగి, అవ్వాచారి కోనలోకి దిగి, మళ్ళీ మోకాళ్ళమెట్టు దగ్గర నిటారుగా లేస్తుంది. కొండంతా సాలగ్రామమే గనుక కాలు మోపరాదని రామానుజుడు ఇక్కడ మోకాళ్ళ మీద ఎక్కాడని ఐతిహ్యం. ఎంతోమంది ఆడవాళ్ళు మొక్కు ప్రకారం ప్రతి మెట్టుకూ వంగి, పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి, మరో మెట్టుకు వెళతారు. మూడువేల అయిదువందల సార్లు వంగి లేచే ఆ నడకలో ఎక్కడం ఒక పూజగా మారుతుంది.

అయితే రాజులు ఎక్కువగా ఎక్కినట్టు చెప్పుకునేది మరో దారి. చంద్రగిరికి దగ్గరగా, శ్రీనివాస మంగాపురం సమీపాన మొదలయ్యే శ్రీవారిమెట్టు 2,388 మెట్లతో, సుమారు రెండు కిలోమీటర్లలో కొండమీదికి చేరుస్తుంది. నారాయణవనంలో పెళ్ళాడిన శ్రీనివాసుడూ పద్మావతీ అగస్త్యాశ్రమంలో ఆరునెలలు గడిపి ఈ దారినే పైకి వెళ్ళారన్నది స్థలపురాణం. చరిత్ర చెప్పేది ఇంకొకటి: చంద్రగిరి సాళువ నరసింహుని స్థావరం, అచ్యుతరాయలు రాజ్యానికి వచ్చేముందు బందీగా గడిపిన కోట, పదహారో శతాబ్దం చివరికి అరవీటి రాయల రాజధాని. రాజధాని నుంచి గుడికి అతి దగ్గర దారి అయినందువల్ల దీనికి పరపతి కలిగింది. 1513 నుంచి 1521 వరకు ఏడుసార్లు తిరుమలకు వచ్చిన కృష్ణదేవరాయలు ఈ మెట్లే ఎక్కాడని స్థానికులు అంటారు. సాళువ నరసింహుడు తిరుమలలోనూ తిరుపతిలోనూ రామానుజకూటాలనే అన్నసత్రాలను ఏర్పరచి కందాడై రామానుజయ్యంగారికి అప్పగించడం, నడిచి అలసి వచ్చేవారి ఆకలిని పాలకులు తమ బాధ్యతగా తీసుకున్నారనడానికి శాసనాలు చూపే ఆధారం. చంద్రగిరిలో రాజ్యం పోయాక ఈ దారి వైభవం కూడా తగ్గి, అలిపిరి దారే ప్రధానమయింది. బాట ఎంత పాతదైనా దాని రద్దీ అధికారం ఉన్న చోటును బట్టి మారుతుందన్న విషయానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ కొండల్లో లేదు.

మూడో దారికి రాజుల అండ కంటే ఒక కవి పేరు ఎక్కువ బలమిచ్చింది. చెయ్యేటి వైపు నుంచి, రాజంపేట, కోడూరు ప్రాంతపు ప్రజలు కుక్కలదొడ్డి దగ్గర అడవిలోకి ప్రవేశించి, కోనలు దాటి, కొండ వెనుక వైపు నుంచి తిరుమలకు చేరే దారిని నేడు అన్నమయ్య మార్గమంటారు. చెయ్యేటి ప్రాంతంలోని తాళ్ళపాకలో 1408లో పుట్టిన అన్నమాచార్యుడు ఎనిమిదేళ్ళ వయసులో ఇంట్లో చెప్పకుండా యాత్రికుల వెంట కొండకు వెళ్ళాడని, మోకాళ్ళ పర్వతం దగ్గర అలసి వెదురుపొద నీడన సొమ్మసిల్లితే అలమేలుమంగ కలలో కనిపించి, కాళ్ళకు చెప్పులు ఉన్నందువల్లనే కొండ కనిపించలేదని చెప్పి ప్రసాదం పెట్టిందని, మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రము చెబుతుంది. ఐతిహ్యాన్ని పక్కన పెట్టినా ఈ కథనంలో ఒక చారిత్రక విలువ మిగులుతుంది: పదిహేనో శతాబ్దంలో యాత్రికులు గుంపులుగా పాడుకుంటూ నడిచేవారనీ, ఒక పిల్లవాడు ఆ గుంపులో కలిసిపోగలిగేంతగా ఆ రాకపోకలు మామూలు విషయమనీ దీనివల్ల తెలుస్తుంది.

యాత్రికుల దారులతో పాటు నీటి దారులు కొండపైన మరో వలగా అల్లుకొని ఉన్నాయి. తిరుమలనంబి అభిషేకానికి పాపవినాశనం నుంచి రోజూ కుండతో నీళ్ళు మోసేవాడనీ, ఒకనాడు స్వామి వేటగాడి రూపంలో వచ్చి ఆ నీళ్ళు తాగి, దానికి బదులుగా దగ్గరలోనే ఆకాశగంగను పుట్టించాడనీ కథ. గుడికి అభిషేకజలం నేటికీ ఆకాశగంగ నుంచే వెళుతుంది. రామకృష్ణతీర్థం, కుమారధార, తుంబురుతీర్థం మరింత లోపలి అడవిలో ఉన్నాయి. వాటికి ఏడాదికి ఒకసారి ముక్కోటి జరుగుతుంది. ముక్కోటి అంటే, మూడుకోట్ల తీర్థాలూ వచ్చి ఆ నీటిలో కలుస్తాయని నమ్మే పర్వదినం. రామకృష్ణతీర్థానికి పుష్య పౌర్ణమి, కుమారధారకు మాఘ పౌర్ణమి, తుంబురుతీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి. వానలు వెనకపట్టి వాగులు తగ్గి, ఎండలు ఇంకా ముదరని నెలల్లో, పండు వెన్నెలలో ఈ పర్వాలు రావడం వెనుక అడవి నడక తెలిసినవారి అనుభవం ఉందని అనుకోవడం న్యాయం.

ఆ అనుభవం యానాదులది. తేనె, కరక్కాయ, ఉసిరి, కుంకుడు, ఔషధపు వేళ్ళ కోసం ఈ కోనలన్నీ తిరిగిన యానాదులకు బాట అంటే మెట్లు కాదు. ఏ బండ పక్కన వేసవిలోనూ నీరు చెమ్మగిల్లుతుందో, ఏ వాగు ఒడ్డున ఎలుగుబంటి తిరుగుతుందో తెలిసిన ఒక జ్ఞాపకం. వారు తిరిగిన ఈ అడవి చెట్లు కూడా అపురూపమైనవి: ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజంగా ఇంత దట్టంగా పెరగదు. తెల్లకరక, పేరిత, జాలారి జాతుల్లో కొన్ని ఈ కొండలకే పరిమితం. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం ఈ కొండలను రిజర్వు అడవులుగా మార్చే వీలు కల్పించినప్పుడు, పశువులు మేపుకునే హక్కు, కట్టె తెచ్చుకునే హక్కు లాగే అడవిలో నడిచే హక్కు కూడా విచారణలో రుజువు చేసుకోవలసిన విషయమయింది. తాతముత్తాతల నాటి నుంచి నోటిమాటగా సాగిన దారికి కాగితం ఎక్కడినుంచి వస్తుంది? గుడికి పోయే దారులు నిలిచాయి, బతుకు కోసం తిరిగే దారులు చాలావరకు పోయాయి.

ఈస్టిండియా కంపెనీ 1801లో గుడి పెత్తనాన్ని చేతుల్లోకి తీసుకుని, 1843లో హాథీరాంజీ మఠపు మహంతులకు అప్పగించింది. 1932 నాటి చట్టంతో దేవస్థానం కమిటీ ఏర్పడే దాకా వారే నిర్వాహకులు. కంపెనీ పెత్తనం సాగుతున్న రోజుల్లోనే, 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి తిరుపతి మీదుగానే కడప వైపు సాగాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర ఈ ప్రాంతపు మజిలీలను, సత్రాలను, దారి కష్టసుఖాలను తెలుగు వచనంలో నమోదు చేసిన అపురూపమైన రచన. అప్పట్లో నడవలేనివారికి డోలీయే దిక్కు. వెదురుబొంగుకు ఊయలలా కట్టి, బోయీలు భుజాల మీద మోసేది డోలీ. మద్రాసు నుంచి రాయచూరు వెళ్ళే రైలుమార్గం 1871 నాటికి పూర్తయి రేణిగుంట మీదుగా సాగడం, 1891లో తిరుపతికే రైలు రావడం దూరప్రాంతాల నుంచి వచ్చేవారి బండి ప్రయాణాన్ని తగ్గించినా, కొండపాదం నుంచి పైకి మాత్రం అందరికీ కాళ్ళే ఆధారం.

1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ మొదటి ఘాట్ రోడ్డును ప్రారంభించడంతో ఆ పరిస్థితి మారింది. 1974లో రెండో ఘాట్ రోడ్డు కూడా వచ్చాక, పాతది దిగడానికీ కొత్తది ఎక్కడానికీ వినియోగిస్తున్నారు. ముసలివారికీ జబ్బుపడినవారికీ రోడ్డు చేసిన మేలును తక్కువ చేయరాదు. కానీ ఆనాటి నుంచి నడక అవసరం కాకుండా పోయి మొక్కుగా మిగిలింది, బాట పక్కని మండపాలు, బావులు, చలివేంద్రాలు అక్కర తీరిన కట్టడాలయ్యాయి.

సరిహద్దు గొడవ ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ తలెత్తింది. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలతో ఏర్పడిన చిత్తూరు జిల్లా 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చినప్పుడు, ఉత్తరాన వేంగడమే తమ హద్దన్న ప్రాచీన పద్యాన్ని చూపి మ.పొ. శివజ్ఞానం నాయకత్వంలో తమిళులు తిరుపతిని కోరారు. హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిత్వం తరువాత 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసుకు వెళ్ళగా, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. ఆ కొత్త హద్దును ఆనుకొని, ఆరణి నది పరిసరాల్లో నగరి, నాగలాపురం కొండలున్నాయి. తల్లి నాగలాంబ పేర కృష్ణదేవరాయలు వెలయించిన నాగలాపురం నుంచీ, సదాశివకోన, కైలాసకోనల నుంచీ లోపలికి వెళ్ళే బాటల్లో నేడు చెన్నై యువకులు సెలవురోజుల్లో సంచులు భుజాన వేసుకొని నడుస్తున్నారు. పురట్టాసి నెలలో చెన్నై నుంచి స్వామికి గొడుగులు ఊరేగింపుగా తెచ్చే ఆచారం రాష్ట్రాలు విడిపోయినా ఆగలేదు.

2021 నవంబరు వానలకు చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది; అదే నెలలో కొండకు ఇవతల శ్రీవారిమెట్టు దారి దెబ్బతిని 2022 మే వరకు మూతపడింది. చాలాకాలం ఏనుగు జాడ లేని చిత్తూరు అడవులకు 1980లలో పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగులు తిరిగిరాగా, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. సంగకవుల వేంగడపు ఏనుగు మళ్ళీ పాత దారులు వెతుక్కుంటున్నది. 2023లో అలిపిరి దారిలో చిరుత ఒక పసిపిల్లను బలిగొన్న తరువాత నడిచేవారికి చేతికర్రలు ఇచ్చారు. పిల్లల నడకకు వేళలు పెట్టారు. 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించిన శేషాచలంలో, తిరుమల కొండల ప్రకృతి వారసత్వం 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. స్పెయిన్‌లోని శాంతియాగో యాత్రామార్గాన్ని 1993లోనూ, జపాన్‌లోని కీయి పర్వతాల యాత్రాబాటలను 2004లోనూ అదే సంస్థ ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అక్కడ గుర్తింపు పొందినవాటిలో గుళ్ళతో పాటు దారులు కూడా ఉన్నాయి. తిరుమలలో గుడి శాసనాలను 1930ల నుంచి సంపుటాలుగా అచ్చువేశారు. అదే శ్రద్ధతో మెట్ల మీది రాతలను, కోనల్లో కూలుతున్న మండపాలను, పెద్దల నోట మాత్రమే మిగిలిన యానాది స్థలనామాలను నమోదు చేయవలసిన పని ఇంకా ఉంది. ఆ పెద్దలు ఉండగానే దేవస్థానం, అటవీశాఖ, విశ్వవిద్యాలయాలు కలిసి ఆ పనికి పూనుకోవాలి.